గిటారుకు అక్షరాభ్యాసం



మా వైపు గిటారు కొన్న పిల్లల్లో, నేను చూసినంతలో, ఎక్కువమంది ఆరు నెలలు తిరక్కుండానే దాన్ని గోడకు తగిలించేస్తున్నారు. పెద్దలు దీనికి వెంటనే కారణం చెబుతారు: ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదు, సెల్లుఫోను వచ్చి చెడగొట్టింది అని. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిగా ఈ మాటను నేను అంగీకరించలేను. పిల్లవాడు మానివేసిన ప్రతి విద్య వెనుకా ముందు చూడవలసింది బోధనను, ఆ తరువాతనే పిల్లవాణ్ణి. గిటారు విషయంలో జరుగుతున్న పొరపాటు నాకు స్పష్టంగా కనబడుతున్నది. అక్షరాలు దిద్దించకుండానే వాక్యాలు బట్టీ పెట్టిస్తున్నాం. అదీ మనది కాని భాషలో.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. తెలుగు పండిత శిక్షణ పొంది, వికారాబాదు, తాండూరు ప్రాంతాలలోని పాఠశాలల్లో వ్యాకరణమూ ఛందస్సూ చెప్పుకుని బ్రతికినవాణ్ణి. ఉద్యోగ విరమణ తరువాత, మనుమడు గోడకు తగిలించి పోయిన గిటారును దించి, మూడేళ్లుగా నెమ్మదిగా నేర్చుకుంటున్నాను. నా వాయిద్యం విని ఎవరూ మెచ్చుకోనక్కరలేదు. కానీ నేర్చుకోవడం ఎలా ఉంటుందో, నేర్పడం ఎలా ఉండాలో అనే విషయంలో నాలుగు మాటలు చెప్పే అర్హత ఒక బడిపంతులుకు ఉంటుందనుకుంటాను.

ముందు పరిస్థితి చెప్పాలి. మా ప్రాంతంలో సంగీతం లేకపోలేదు. ఊరూరా భజన మండలులున్నాయి. హార్మోనియం పెట్టె, తబలా, తాళాలు లేని పల్లె అరుదు. తాండూరు దాటితే కన్నడ దేశం. దాసుల పదాలూ, ఉర్దూ గజళ్లూ, తెలుగు తత్త్వాలూ ఒకే వీధిలో వినబడే ప్రాంతమిది. వికారాబాదులో మెథడిస్టు మిషను వారు చాలాకాలం క్రితమే పాదుకొన్నారు గనుక చర్చి పాటల సంప్రదాయమూ బలంగా ఉన్నది. మా యువకుల్లో గిటారు పట్టినవారు చాలామంది మొదట దాన్ని ముట్టుకున్నది చర్చిలోనే. ఇక మిగిలినవారికి ప్రేరణ సినిమా. కథానాయకుడు గిటారు మెడలో వేసుకుని కొండ మీద నిలబడతాడు. వేళ్లు ఒకచోట, స్వరం మరొకచోట ఉన్నా మనం పట్టించుకోము.

కానీ పద్ధతిగా నేర్పే గురువు కావాలంటే రైలెక్కి డెబ్బై కిలోమీటర్లకు పైగా పోవాలి. తాండూరు వాళ్లకైతే నూరు దాటుతుంది. వారానికొక దినం అలా పోయివచ్చిన పిల్లవాడి సంగతి నాకు తెలుసు. నగరంలో ఒక శిక్షణాలయంలో చేరాడు. అక్కడ పాఠమంతా ఆంగ్లంలో. తెలుగు మాధ్యమంలో చదివిన ఈ పిల్లవాడు ఒక సందేహం అడిగితే, ముందు ఇంగ్లీషు నేర్చుకుని రమ్మన్నారట. వాడు తిరిగి పోలేదు. అంతకన్నా విచారించవలసిన సంగతి, వాడు అడిగిన ప్రశ్న చాలా మంచిది: "సార్, ఈ పాటలో 'స' ఎక్కడుంది?" అని. అరవై ఏళ్ల విద్వాంసుడు అడగవలసిన ప్రశ్న అది. పద్నాలుగేళ్లవాడు అడిగాడు. ఎందుకంటే వాళ్ల తాత భజనలో హార్మోనియం వాయిస్తాడు. ఇంట్లో 'స' అనే మాట వాడి చెవిన పడి ఉన్నది.

ఇక పాఠం ఎలా సాగుతుందో చూడండి. మొదటి రోజే మూడు కార్డులు చూపిస్తారు. (ఈ 'కార్డ్' అన్నమాట విని మా ఇంటి ఆవిడ రేషను కార్డు సంగతేమో అనుకున్నది.) జి, సి, డి అని మూడు ఆకారాలు. వేళ్లు ఇలా పెట్టు, కిందికీ పైకీ ఇలా మీటు, ఇదిగో పాట వచ్చేసింది అంటారు. వారంలో పిల్లవాడు ఏదో ఒక పాటకు సరిపోయేటట్టు చేయి ఆడిస్తాడు. ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. రెండు నెలలకు 'ఎఫ్' అనే కార్డు వస్తుంది. చూపుడువేలితో మొదటి మెట్టు దగ్గర ఆరు తీగలనూ ఒక్కసారి అదిమిపట్టాలి. అది పలకదు. వేలు నొప్పి, మణికట్టు నొప్పి. అప్పటిదాకా నేర్చిన మూడు ఆకారాలలో నుంచి ఈ నాలుగవది ఎలా పుట్టిందో పిల్లవాడికి తెలియదు, ఎందుకు కావాలో తెలియదు. తెలియని దాని కోసం నొప్పి భరించమంటే ఎవరు భరిస్తారు? గిటారు గోడకెక్కుతుంది.

నొప్పి ఒక్కటే కారణమైతే నేను ఈ టపా వ్రాసేవాణ్ణి కాను. తాండూరు నాపరాయి గనుల్లో, పాలిషు యూనిట్లలో పనిచేసేవారి చేతులు చూసినవాడికి వేలికొసలు కాయలు కాయడం ఒక సమస్య అనిపించదు. రెండు మూడు వారాల అభ్యాసంలో చర్మం గట్టిపడుతుంది. అర్థమున్న శ్రమను మనిషి ఓర్చుకుంటాడు. అర్థం తెలియనప్పుడే అది బరువవుతుంది.

అక్షరాభ్యాసం సంగతి ఆలోచించండి. పలక మీద 'అ' దిద్దించిన తరువాత గుణింతం, ఆ తరువాత ఒత్తులు, తరువాత రెండక్షరాల మాటలు. 'క' తెలిసినవాడికి 'కా, కి, కీ' ఎవరో కొత్తగా ఇచ్చినవి కావు, ఉన్నదానికి చేర్చుకున్నవి. యాభై పైచిలుకు అక్షరాలతో వేల మాటలు తానే చదువుకుంటాడు. మన పెద్దలు సంగీతానికీ ఇదే పద్ధతి ఏర్పరచారు. పురందరదాసు (1484–1564) ఏర్పరచాడని సంప్రదాయం చెప్పుకునే అభ్యాసగానంలో సరళీ స్వరాలు వర్ణమాల, జంట స్వరాలు ద్విత్వాక్షరాలు, అలంకారాలు గుణింతాలు, గీతాలు చిన్న వాక్యాలు. ఇంత చక్కని మెట్లవరుస ఇంట్లో ఉండగా గిటారు నేర్చే తెలుగు పిల్లవాడికి దాన్ని ఎవరూ చూపించడం లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

గిటారు మీద సరళీ స్వరాలు పలుకుతాయా అని సందేహం కలగవచ్చు. అతి సులభంగా పలుకుతాయి. సన్నతీగ నుంచి లెక్కపెడితే నాలుగవ తీగ మామూలు శ్రుతిలో మన రెండు శ్రుతికి సరిపోతుంది. మగవారి గొంతుకు అనువైనది. మూడవ తీగ ఐదు శ్రుతి, ఆడపిల్లలకు అనువైనది. ఆ ఒక్క తీగను తీసుకోండి. ఏ మెట్టూ అదమకుండా మీటితే షడ్జం. మాయామాళవగౌళకు 1వ మెట్టు రిషభం, 4 గాంధారం, 5 మధ్యమం, 7 పంచమం, 8 ధైవతం, 11 నిషాదం, 12 పైషడ్జం. ఇంతే. ఒకే తీగ, ఎనిమిది చోట్లు.

ఇందులో ఒక అందం గమనించండి. స నుంచి మ వరకు అంకెలు 0, 1, 4, 5. ప నుంచి పైషడ్జం వరకు 7, 8, 11, 12. రెండింటిలోనూ ఎడాలు ఒక్కటే: ఒకటి, మూడు, ఒకటి. పూర్వాంగం ఎలా నడిచిందో ఉత్తరాంగమూ అలాగే నడుస్తుంది. అంటే చేయి ఒక్క నడక నేర్చుకుంటే స్థాయి మొత్తం వచ్చినట్లే. తొలి పాఠానికి మాయామాళవగౌళను ఎంచుకోవడంలో ఎంత బోధనాజ్ఞానం ఉన్నదో నాకు గిటారు మెట్లు లెక్కపెట్టినప్పుడు కళ్లకు కట్టింది. అదే తీగ మీద 0, 2, 4, 5, 7, 9, 11, 12 వాయిస్తే శంకరాభరణం. 0, 2, 4, 7, 9, 12 వాయిస్తే మోహన. మూడు రాగాల స్వరస్థానాలు ఒక మధ్యాహ్నంలో తెలుసుకోవచ్చు. చేయి అలవాటు పడడానికి నెలలు పట్టవచ్చు గాక, తెలియడానికి ఒక్క పూట చాలు.

ఇప్పుడు కార్డుల దగ్గరికి రండి. స, గ, ప అనే మూడు స్వరాలను ఒక్కసారి మ్రోగిస్తే మేజర్ కార్డు. ఆ గాంధారాన్ని ఒక మెట్టు దించితే, అనగా అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం పెడితే, మైనర్ కార్డు. ఈ ఒక్క సూత్రం స్వరాలు తెలిసిన పిల్లవాడికి ఐదు నిమిషాల పని. అంతేకాదు, మాయామాళవగౌళలో స-గ-ప మేజరు, రి-మ-ద కూడా మేజరే, మ-ద-స మైనరు అని వాడే లెక్కకట్టుకోగలడు. మోహనలో స-గ-ప మేజరు, ద-స-గ మైనరు. మోహనలో మధ్యమం లేదు గనుక మ-ద-స అనే కార్డు పెడితే రాగంలో లేని స్వరం ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. మోహనలోని పాటకు ఎవరో వ్రాసిపెట్టిన కార్డుల పట్టిక చూసి పిల్లలు వాయిస్తుంటే, పాట ఎక్కడో కలుక్కుమన్నట్లు తోస్తుంది. చెవికి తెలుస్తుంది, పేరు పెట్టడం రాదు. పట్టిక తప్పు అని చెప్పగల ధైర్యం స్వరం తెలిసినవాడికే ఉంటుంది. అక్షరాస్యత అంటే ఇదే కదా: ఎవరో వ్రాసినది చదవడమే కాదు, అందులో తప్పు పట్టగలగడం కూడా.

ఇంకొక మాట. మన పద్ధతిలో వ్రేలి కంటె ముందు నోరు పలుకుతుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఉదాహరణ తెలుగువారెవరూ మరచిపోరానిది. తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో పట్టుకున్నాడు. తరువాత గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నదాన్ని వాద్యం మీద వెదుక్కునేవాడు. ఆ వెదుకులాటలోనే ఒక పాశ్చాత్య వాద్యం కర్ణాటక సంగీత వాద్యమైంది. 2014లో ఆయన అకాలంగా వెళ్లిపోయినా ఈ పాఠం మిగిలే ఉన్నది: వాద్యం తెలిసిన గురువు ఊళ్లో లేకపోతే విద్య ఆగిపోనక్కరలేదు. స్వరం తెలిసిన గురువు ఉంటే ఆరంభం చేయవచ్చు. స్వరం తెలిసినవారు మా తాండూరులో, వికారాబాదులో, మీ ఊళ్లో కూడా ఉన్నారు. భజన మండలిలో హార్మోనియం ముందు కూర్చున్న పెద్దమనిషిని అడగండి.

గిటారు పరాయి వాద్యమనీ, దానికి మన పద్ధతి అంటగట్టడం బలవంతమనీ అనేవారున్నారు. నేటి గిటారు ఆకారం స్పెయిను దేశపు ఆంటోనియో టోరెస్ (1817–1892) చేతిలో స్థిరపడిందన్నది నిజమే. కానీ మెట్ల మీద తీగను అదిమి స్వరం పలికించే విద్య మనకు పరాయిది కాదు. విజయనగర ప్రభువైన అళియ రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో వీణ మీద మెట్లు ఎక్కడెక్కడ ఉండాలన్న విచారణ కోసమే ఒక ప్రకరణం ఉన్నది. ఆ తరువాత తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు వ్రాసిన ప్రభువు, ఇరవై నాలుగు స్థిరమైన మెట్లతో వీణను తీర్చాడని ప్రసిద్ధి. రాగం మారినప్పుడల్లా మెట్లు జరుపుకునే అవసరం లేకుండా అన్ని రాగాలూ ఒకే వీణ మీద పలికే ఏర్పాటది. గిటారులోనూ స్థాయికి పన్నెండేసి మెట్లు, స్థిరమైనవి. పండితుల వీణ ఎందుకు, మన పాలమూరు వైపు డక్కలి కళాకారుల కిన్నెర చూడండి. సొరకాయ బుర్రలు, వెదురు, మైనంతో చేసిన పన్నెండు మెట్ల కిన్నెర మీద వీరగాథలు పాడే దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. మెట్ల వాద్యం మన ఇంటి బిడ్డ. గిటారు దూరపు చుట్టం. పలకరించడానికి మాటలు మన దగ్గరే ఉన్నాయి.

మాటల దగ్గరికి వచ్చాం గనుక, ఈ విషయం తోటి బ్లాగర్లకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. మనం జాలంలో తెలుగు వ్రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ప్రతి ఆంగ్లపదానికీ తెలుగు మాట వెదకిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కొన్ని నిలిచాయి, కొన్ని నవ్వులపాలయ్యాయి. నిలిచినవాటిలో 'టపా' ఒకటి. ఎందుకు నిలిచింది? అది కొత్తగా కల్పించిన మాట కాదు. నిజాం రాజ్యంలో ఉత్తరాల బట్వాడాకు మా పెద్దలు వాడిన మాట. ఉన్న మాటకు కొత్త పని అప్పగించాం, అది చేసింది. గిటారు విషయంలోనూ ఇదే సూత్రం పాటించాలని నా అభిప్రాయం. ఫ్రెట్ అనవద్దు, 'మెట్టు' ఉన్నది. స్ట్రింగ్‌కు 'తీగ' ఉన్నది. తీగ బిగించే మరలకు వీణ వారి 'బిరడ' ఉన్నది. ట్యూనింగుకు 'శ్రుతి చేయడం', వాయించే పనికి 'మీటడం' ఉన్నాయి. ఇవి వాడితే పిల్లవాడికి అర్థం వెంటనే కళ్లకు కడుతుంది. మెట్టు అన్నప్పుడు ఎక్కడం దిగడం, తద్వారా ఆరోహణ అవరోహణలు తోస్తాయి.

కానీ 'కార్డు'కు మాత్రం తెలుగు కల్పించవద్దంటాను. స్వరగుచ్ఛమనీ, స్వరసంపుటమనీ వ్రాయడానికి పండితుడిగా నాకూ చేయి దురద పెడుతుంది. ఆ వస్తువే మన సంప్రదాయంలో లేనప్పుడు దాని పేరు దానితోనే రావడం న్యాయం. పిక్కు పిక్కే. క్యాపో క్యాపోయే. భాషాభిమానమంటే గుమ్మంలో కావలి నిలబడి వచ్చే అతిథినల్లా గెంటివేయడం కాదు. ఇంట్లో ఉన్నవారిని మరచిపోకుండా ఉండడం.

ఇక నా సొంత శాస్త్రం, ఛందస్సు. గిటారులో కుడిచేతి పని తొలివారాల్లో అందరినీ తికమక పెడుతుంది. పాఠాలన్నీ నాలుగు మాత్రల నడకతో మొదలై చాలావరకు అక్కడే నిలుస్తాయి. మన పాటల్లో మూడు నడక, ఏడు నడక కొల్లలు. పిల్లలకు అవి కొత్తవి కావు, పేర్లు తెలియవంతే. మా బడిలో రగడలు చెప్పేటప్పుడు బల్లమీద దరువు వేయించేవాణ్ణి. తురగవల్గన రగడ మూడు మాత్రల నడక, గుర్రపు గెంతు. మధురగతి నాలుగు. ద్విరదగతి ఐదు, ఏనుగు నడక. వృషభగతి మూడూ నాలుగూ కలిసిన ఏడు. గురజాడ ముత్యాలసరానికీ ఈ మూడు నాలుగుల నడకే ప్రాణం. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. కార్డు ఏదీ పట్టకుండా, ఎడమచేయి తీగల మీద ఊరికే ఆనించి, కుడిచేత్తో గురువు వచ్చినచోట బరువుగా కిందికి, లఘువు వచ్చినచోట తేలికగా మీటుతూ ఒక పద్యపాదాన్ని నడిపించి చూడండి. లయ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పదవ తరగతిలో గణవిభజన చేసిన ప్రతి తెలుగు పిల్లవాడికీ ఈ పెట్టుబడి ముందే ఉన్నది. దాన్ని మార్కులకు మాత్రమే వాడుకుని వదిలేస్తున్నాం.

నా వాదానికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. న్యాయమైనవి మూడున్నాయి.

మొదటిది, సరళీ స్వరాలు విసుగు; మూడు కార్డులతో వారంలో పాట వస్తే కలిగే సంతోషం వేరు అని. ఇది నిజం. సంతోషం లేని విద్య నిలవదు. అందుకని కార్డులు మానమనను. రోజుకు అరగంట అభ్యాసమైతే ఇరవై నిమిషాలు స్వరాలు, పది నిమిషాలు ఇష్టమైన పాట. బడిలో పద్యం వల్లించాక ఆటలకు వదలమూ? నేను వద్దంటున్నది ఆటనే బడి అనుకోవడాన్ని.

రెండవది శాస్త్రీయమైనది. గిటారు మెట్లు సమానమైన పన్నెండు భాగాల లెక్కలో ఉంటాయి, మన స్వరాలు అలా ఉండవు అని. లెక్క వేసి చూశాను. తీగ పొడవు 650 మిల్లీమీటర్లు ఉన్న గిటారులో శుద్ధమైన పంచమం తీగలో మూడవ వంతు దగ్గర, అంటే 216.7 దగ్గర రావాలి. ఏడవ మెట్టు 216.2 దగ్గర ఉంటుంది. అర మిల్లీమీటరు తేడా, చెవికి తెలియదు. అంతర గాంధారం ఐదవ వంతు దగ్గర, 130 దగ్గర రావాలి. నాలుగవ మెట్టు 134 దగ్గర ఉంటుంది. ఈ నాలుగు మిల్లీమీటర్ల తేడా వల్ల గాంధారం కాస్త హెచ్చుగా పలుకుతుంది. తంబూరా శ్రుతికి అలవాటుపడిన చెవి దాన్ని గుర్తుపడుతుంది. కాబట్టి గిటారు మీద మన సంగీతం సంపూర్ణంగా పలుకుతుందని నేను అనను. గమకాలకు తీగను పక్కకు లాగాలి. ఇనుప తీగలు వీణ తీగల్లా సులభంగా లొంగవు. అయినా సుకుమార్ ప్రసాద్, ప్రసన్న వంటివారు గిటారు మీద కర్ణాటక కచేరీలు చేసి చూపారు. బ్రిజ్‌భూషణ్ కాబ్రా, విశ్వమోహన్ భట్ హిందుస్తానీ రాగాలకు దాన్ని ఒడిలో పెట్టుకుని, జారుడు కడ్డీతో వాయించి దారి చేశారు. అదంతా పైమెట్ల మాట. సరళీ స్వరాలు దిద్దేవాడికి నాలుగు మిల్లీమీటర్లు అడ్డం కావు. పైగా అదే వాద్యం మీద హార్మోనియం ఉన్న భజనలో కూర్చుంటే సరిగ్గా అతుకుతుంది. హార్మోనియంలోనూ ఆ లెక్కే.

హార్మోనియం అనగానే ఇంకొకటి గుర్తొస్తుంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని వెలివేసింది. ఆ ముప్పై ఒక్క ఏళ్లూ మా పల్లెల్లో ఏ భజనా ఆగలేదు. వయొలిన్ కూడా అలా వచ్చినదే. బాలుస్వామి దీక్షితులు పట్టుకున్నారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893–1964) చేతిలో అది తెలుగు వాద్యమే అయింది. పెట్టె ఎక్కడిదన్నది కాదు, దానిలోంచి వచ్చే పలుకు ఎవరిదన్నది ప్రశ్న.

మూడవది వయస్సు. అరవై దాటినవారికి ఇదెందుకని. వేళ్లు పిల్లలంత వేగంగా కదలవు, ఒప్పుకుంటాను. కానీ పెద్దవాడికి ఒక బలమున్నది: ఎందుకు చేస్తున్నాడో తెలుసు. ఎవరి పరీక్షకూ కాదు గనుక తొందర లేదు. మా వంటివారు నేర్చుకుంటే మరొక ప్రయోజనం కూడా ఉన్నది. నాకు తెలిసిన మా ప్రాంతపు పాఠశాలల్లో సంగీతం గంట లేదు. సాయంకాలం అరుగు మీద నాలుగు స్వరాలు చూపించే తాతో అవ్వో ఉంటే ఆ లోటు కొంతైనా తీరుతుంది.

చర్చి పాటల సంగతి ఇక్కడ చెప్పాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనలకు పైన రాగం, తాళం వ్రాసి ఉంటాయి. పురుషోత్తమ చౌధురి (1803–1890) వంటి భక్తకవులు కర్ణాటక సంగీతపు చాలులోనే వ్రాశారు. ఆ కీర్తనలకు నేడు మా పిల్లలు గిటారు వాయిస్తున్నారు. పైనున్న రాగం పేరు వారికి ఒక అలంకారం. కిందనున్న కార్డు అక్షరాలే పాట. ఒక యువకుడికి ఆ రాగం పేరు చూపించి, దాని స్వరాలు తీగ మీద వెదికించాను. తాను నాలుగేళ్లుగా వాయిస్తున్న పాటలో ఒక కార్డు ఎందుకు ఎబ్బెట్టుగా ఉండేదో ఆ సాయంత్రం వాడికే తెలిసింది. "సార్, ఇది ముందే ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ మాటలో కొంచెం కోపం కూడా ఉన్నది. ఆ కోపం న్యాయమైనది. తమ ఇంట్లో ఉన్నది తమకు చూపించలేదని పిల్లలకు కోపం రావాలి.

అసలు నష్టం ఎవరికో చెప్పి ముగిస్తాను. నగరంలో, ఆంగ్ల మాధ్యమంలో చదివి, నెలకు వేల రూపాయలు పెట్టగల ఇంటి పిల్లవాడు ఏ పద్ధతిలోనైనా నేర్చుకుంటాడు. అక్షరాలు చెప్పకపోతే ఇంకొక గురువు దొరుకుతాడు. తాండూరు పాలిషు యూనిట్లో పనిచేసే తండ్రి అప్పు చేసి కొనిపెట్టిన గిటారుకు రెండవ అవకాశం లేదు. అది గోడకెక్కితే, "మనకెందుకురా ఇవన్నీ" అన్న మాట ఆ ఇంట్లో స్థిరపడుతుంది. తరువాత చెల్లెలు ఏదైనా నేర్చుకుంటానన్నా అదే జవాబు. సంగీతం రాదని కాదు, మనది కాదని నమ్మడం జరుగుతుంది. ఒక బడిపంతులుగా నేను అన్నింటికంటె భయపడేది ఆ నమ్మకానికే.

అందుచేత కొత్తగా పట్టుకునేవారికి నాలుగు మాటలు. కొనేటప్పుడు తీగలు మెట్లకు మరీ ఎత్తుగా లేవో చూడండి. ఎత్తుంటే అంగడివాడి చేతనే సరిచేయించండి, వేళ్ల నొప్పి సగం అక్కడే తగ్గుతుంది. ఎడమచేతి గోళ్లు పొట్టిగా ఉంచండి. ఫోనులో శ్రుతిపెట్టె పెట్టుకుని, ముందు నోటితో పాడి, తరువాతే మెట్టు వెదకండి. శ్రుతి చేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి: లావు తీగ ఐదవ మెట్టు దగ్గర పై తీగ షడ్జం, అంటే తీగకూ తీగకూ మధ్య దూరం మధ్యమం, మూడవ తీగకూ రెండవ తీగకూ మధ్య మాత్రం నాలుగవ మెట్టు, గాంధారం. రోజూ కొద్దిగా చేయండి, ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు చేయవద్దు.

సంగీతం తెలిసిన మిత్రులకు ఒక అభ్యర్థన. గిటారు మీద సరళీ, జంట స్వరాలు, సప్తతాళాలంకారాలు, నాలుగు గీతాలు మెట్ల అంకెలతో సహా తెలుగులో వ్రాసిపెట్టండి. ముప్పై పుటలు చాలు. నాకు చేతనైనంత నేను వ్రాయడం ఆరంభించాను. సరళీ స్వరాల వరకు అయింది. వచ్చే టపాలలో ఒక్కొక్కటిగా పెడతాను. తప్పులుంటే నిస్సంకోచంగా దిద్దండి. వికారాబాదు, తాండూరు పిల్లలెవరైనా వాటిని ముద్రించుకుని పోయి వాయిస్తే, ఈ శ్రమకు అంతకు మించిన ఫలం కోరను.

స్వస్తి.